మేస్త్రీ చెయ్యి పడిన తాడు

రైల్వే వర్క్‌షాపు సైరన్ కూసేసరికి జ్ఞానప్రకాశం మేస్త్రీ రెండో తాడు తడిమి చూస్తున్నాడు. రిటైరై రెండేళ్లయినా ఆ కూత వినబడేవేళకి చేతిలో పని లేకపోతే ఆయనకి తెల్లారినట్టే ఉండదు.

ఆయన ఉన్నది కలకత్తా వైపు రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలో మూతబడ్డ ఒక ధాన్యం గోదాంలో. తపన్ ఘోషాల్ అనే కలకత్తా బాబు దాన్ని అద్దెకి తీసుకుని, మూడు గోడలకీ కిందనుంచి దూలం దాకా చెక్కలు బిగించి, చెక్కల నిండా రంగురంగుల ఉత్తుత్తి రాళ్లు మరలతో దింపి, బయట 'శిఖర్' అని బోర్డు కట్టాడు. కొండలు లేని ఊళ్లో కొండెక్కడం నేర్పుతాడట. ఊళ్లోవాళ్లు మాత్రం గోడెక్కుడు హాలంటారు. "మనం ఎక్కితే జీతాలిచ్చేవోరు. ఈలు ఎదురిచ్చి ఎక్కుతన్నార్రా నాయినా!" అని టీకొట్టు దగ్గర వర్క్‌షాపు ముసలాళ్లు విరగబడి నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. నవ్విన వారానికే అందులో పనికి కుదిరాడు. తాళ్లు, మరలు, దూలానికి బిగించిన కొక్కేలు, అన్నీ ఆయన పూచీ.

ఏడాది తిరక్కుండానే కాలేజీ కుర్రాళ్లు, ఆఫీసర్ల పిల్లలు వరస కట్టారు. జనవరిలో జంషెడ్‌పూర్‌లో రెండో హాలు తెరుస్తున్నానని తపన్ బాబు చెప్పేశాడు. అక్కడ తాళ్ల పూచీ సూసన్నదని కూడా చెప్పాడు. సూసన్న మేస్త్రీకి మేనకోడలు, భార్య ఎస్తేరమ్మకి అన్న కూతురు. ఇరవయ్యారేళ్ల మనిషి. మిషను కుట్టుకుంటూ తల్లిని సాకుతుంటే, మేస్త్రీయే తెచ్చి ఇక్కడ పెట్టాడు. పిల్లలు గోడెక్కుతుంటే కింద నిలబడి, దూలం మీదుగా దిగే తాడు రెండో కొస పట్టుకుని, పట్టు తప్పినవాళ్లని గాల్లోనే ఆపి మెల్లగా దింపడం ఆమె పని.

తాడు చూడడమంటే కళ్లతో చూడడం కాదు. మేస్త్రీ ఎడంచేత్తో తాడు లాక్కుంటూ, కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి పోనిస్తాడు. మూరకోసారి ఆగి నొక్కుతాడు. ఈ కొత్తరకం తాళ్లకి పైన రంగుల తొడుగు, లోపల తెల్లటి దారాల గుంజు. లోపల దారాలు తెగినా పైన తొడుగు పెళ్లికూతురులా మెరుస్తూనే ఉంటుంది. తెగినచోట వేలికి మెత్తగా, బోలుగా తగులుతుంది. అది వేళ్లకే తెలియాలి.

ముప్ఫైనాలుగేళ్లు ఆయన వేళ్లకి తెలిసింది. వర్క్‌షాపులో ఇంజన్ల బాయిలర్లు ఎత్తే గ్యాంగుకి మేస్త్రీ. ఆ గ్యాంగులో రెండు కట్టుబాట్లుండేవి. చెడ్డ తాడుని మూరమూరకీ కోసి పారెయ్యాలి, ఇంకెవడూ వాడకుండా. రెండోది, మేస్త్రీ చెయ్యి పడిన తాడుని ఇంకొకడు మళ్లీ చూడకూడదు. చూశాడంటే మేస్త్రీని అవమానించినట్టే. పదిమంది చూసిన తాడుకి పూచీ ఎవడూ ఉండడని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది. మంచిదే. మేస్త్రీ వేళ్లు మంచివైనంతకాలం మంచిదే.

తాడు చుట్టి వెనక్కి తిరిగేసరికి, తను చూసి పక్కన పెట్టిన మొదటి తాడుని సూసన్న వొళ్లో వేసుకుని వేళ్లతో నొక్కుతోంది.

"ఏటే అది?"

ఆమె ఉలిక్కిపడి లేచింది. "ఏటీ లేదు మావయ్యా. సుడతన్నాను."

"సుట్టడానికి నొక్కాలేటి? నాను సూసిన తాడు మల్లీ సూత్తావా? నువ్వు పాలు తాగినప్పుడు నాను బాయిలర్లెత్తినాను!"

ఊడుస్తున్న మనిషి చీపురు ఆపి చూశాడు. అది చూసేసరికి మేస్త్రీకి ఇంకా తిక్క రేగింది. "నా చెయ్యి మీద నమ్మకం లేకపోతే సెప్పు. రేపట్నుంచి నువ్వే మేస్త్రీవి. నాను సీపురట్టుకుంటాను."

సూసన్న ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి ఆయన కుడిచేతి వంక చూసి ఊరుకుంది. "తప్పయిపోనాది మావయ్యా. నువ్వు సూసిన తాడు ఇంకెప్పుడూ ముట్టను," అంది.

అంత కోపం దేనికొచ్చిందో మేస్త్రీకి తెలుసు. తెలిసే వచ్చింది. వానాకాలం నుంచి ఆయన వేళ్ల చివర్లు మొద్దుబారుతున్నాయి. షుగరు ముదిరితే అంతేనని రైల్వే ఆస్పత్రి డాక్టరు అన్నాడు. ఓరోజు పొగలు కక్కే టీగ్లాసు పట్టుకుని కబుర్లాడుతుంటే, ఎస్తేరమ్మ చూసి లబలబలాడి గ్లాసు లాక్కునేదాకా బొబ్బ లేచిన సంగతే ఆయనకి తెలియలేదు. హాల్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంకేముంది, ఇంటికి పొమ్మంటారు. అందుకని గట్టిగా నొక్కడం మొదలెట్టాడు. ఎంత గట్టిగా నొక్కినా తాడుకీ వేలికీ మధ్య గుడ్డ అడ్డంపెట్టినట్టే ఉండేది.

మర్నాడు శుక్రవారం. పొద్దున్న నీలంతాడు చూస్తుంటే సగంలో ఒకచోట ఎర్రదారం కట్టి ఉంది. సన్నటి దారం, రెండు చుట్లు, చిన్న ముడి. కాలేజీ కుర్రాళ్లు మణికట్లకి ఎర్రదారాలు కట్టుకొస్తారు, వాళ్లలో ఎవడిదో వెర్రి అనుకున్నాడు. "తాడుకి కూడా తాయెత్తులు కడతన్నార్రా దేవుడా!" అని గొణుక్కుని, చాకుతో పుటుక్కున తెంపి చొక్కా జేబులో వేసుకున్నాడు. హాల్లో నేలమీద చిన్న దారప్పోగు పడినా ఆయన సహించడు. ఆ జాగాలో ఓసారి నొక్కాడు. వేళ్లు ఏమీ చెప్పలేదు. నీలంతాడు బాగుందని చుట్టి కొక్కేనికి తగిలించాడు.

సాయంత్రం ఐదున్నరకి ఒక రైల్వే ఆఫీసరు గారి కూతురు, పన్నెండేళ్ల పిల్ల, నీలంతాడు మీద దూలం దాకా ఎక్కింది. పైన కట్టి ఉన్న గంట కొట్టి "మా, దేఖో!" అని అరిచింది. తల్లి కిందనుంచి చప్పట్లు కొట్టింది. సూసన్న తాడు బిగబట్టి, నడుముకున్న ఇనప కడియంలోంచి మెల్లగా వదులుతూ పిల్లని దింపసాగింది. పిల్ల ఇంకా రెండు నిలువుల ఎత్తులో ఉండగా చర్రుమని చప్పుడైంది. కడియం దగ్గర తాడు ఒక్కసారిగా జారిపోయింది. సూసన్న "యేసయ్యా!" అని రెండు చేతులా పట్టేసింది. అప్పటికే పిల్ల కిందికొచ్చేసింది. పరుపు అంచున చెయ్యి మడతపడి, మణికట్టు విరిగింది.

తల్లి కేకలు. అరగంటలో తండ్రి జీపులో దిగాడు. పిల్లని ఆస్పత్రికి పంపించి తను ఉండిపోయాడు, ఎవరిది తప్పో తేల్చుకోడానికి. తపన్ బాబు మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఈమె చెయ్యి వదిలేసింది. నేను కళ్లారా చూశాను," అని తల్లి పిల్లతో వెళ్తూ వెళ్తూ అనేసి పోయింది.

తపన్ బాబు మేస్త్రీ వైపు తిరిగాడు. "దాదా, తాడు సంగతేమిటి?"

ఒక్క నిమిషం. తాడు దించి చూడడానికి అంతకన్నా పట్టదు. ఆ ఒక్క నిమిషం మేస్త్రీ ఆగలేదు. ముప్ఫైనాలుగేళ్ల అలవాటు నోట్లోంచి ఊడిపడింది.

"తాడు నా చేతిమీదుగా పోయింది బాబూ. తాడులో లోపం లేదు."

సూసన్న తలెత్తి ఆయన వైపు చూసింది. కోపంగా కాదు. ఏదో తప్పిపోయినదాన్ని వెతుకుతున్నట్టు చూసింది. ఆమె కుడి అరచెయ్యి నిలువునా కాలి, తోలు లేచిపోయింది. గుప్పిట ముడిచి చెంగు కింద పెట్టుకుంది. నోరు విప్పలేదు.

"రేపట్నుంచి రాకు సూసన్నా," అన్నాడు తపన్ బాబు, ఆఫీసరుకి వినబడేటట్టు. "జంషెడ్‌పూర్ మాట కూడా మర్చిపో."

ఆమె చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. అందరూ పోయాక మేస్త్రీ తాడు దించాడు. సగంలో, దూలం దగ్గరికి పోయిన చోట, తొడుగు చిరిగి ముందుకి జారిపోయి, తెల్లటి గుంజు తెగిన కొసలతో బయటికొచ్చి ఉంది. దానికి వేళ్లక్కర్లేదు. గుడ్డివాడు తప్ప ఎవడైనా చూడగలడు. చాకు తీశాడు. కొయ్యాలి, కట్టుబాటు అది. కోస్తే ఎందుకు కోశావంటారు. చాకు మూసి, తాడు చుట్ట చుట్టి పాతతాళ్ల ట్రంకు అడుగున కుక్కేశాడు. మేస్త్రీ అనిపించుకున్నవాడు చేసే పనేనా అది? కాదు. ఇంటికి పోతూ దారంతా అదే అనుకున్నాడు. అనుకుంటూ ఇంటికే పోయాడు, సూసన్న ఇంటికి పోలేదు.

శనివారం ఆయన పనిలోకి వెళ్లలేదు. జ్వరమన్నాడు. ఎస్తేరమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతూ కేకేసింది.

"ఇదిగో, నీ జేబులో ఈ దారమేటి? ఇలాంటిది నాక్కావాలని సూసన్ననడుగుతన్నాను, నువ్వు తెచ్చినావా?"

"ఏ దారం?"

"ఎర్రదారం. మొన్న నా జాకెట్టు దీంతోనే కుట్టింది. రంగు పోదు, కలకత్తాదని సెప్పింది."

మేస్త్రీ మంచమ్మీంచి లేచాడు. తడి వేళ్లమీద ఆమె పట్టుకున్న దారంకేసి చూశాడు. రెండు చుట్లు, చిన్న ముడి. తను తెంపినచోట కొస తెగి ఉంది.

గ్యాంగులో తాడు మధ్యలో పాడయితే ఆ జాగాలో ఎర్రగుడ్డ పేలిక కట్టేవారు, కోసేదాకా ఎవడూ వాడకుండా. రైల్వేలో ఎరుపుకి ఒకటే అర్థం. ఆ మాట సూసన్నకి చెప్పింది ఎవరు? పనిలో చేరిన మొదటి వారం తనే. చెప్పినవాడికే ఎరుపు చూసి ఎందుకు తెలియలేదు? ఎందుకంటే తన తరవాత తాడు చూసే మనిషి ఉంటుందని ఆయన ఊహకే రాలేదు. ముట్టను అని మాటిచ్చింది గనక, గురువారం సాయంత్రం తాళ్లు చుడుతూ చేతికి తగిలినదాన్ని నోటితో చెప్పకుండా దారంతో చెప్పింది. మర్నాడు దారం లేకపోవడం చూసి, మావయ్య చూశాడు, కొత్త నీలంతాడు తీసి వేశాడు అనుకుని ఉంటుంది. అనుకోక ఏం చేస్తుంది? ఆయన మేస్త్రీ కదా, మరి.

"ఏటయినాది? అలా కూలబడిపోనావేటి?" అని ఎస్తేరమ్మ సబ్బుచేతులతోనే వచ్చింది.

ఆయన అంతా చెప్పాడు. వేళ్ల సంగతి, దారం సంగతి, హాల్లో తనన్న మాట సంగతి. ఎస్తేరమ్మ చేతుల సబ్బు చెంగుకి తుడుచుకుంది.

"నా అన్న కూతురు కొంప ముంచీసినావు," అంది. "ఎల్లు. ఎల్లి సెప్పు. సెప్పందే ఈ ఇంట్లో ముద్ద దిగదు, నీకూ నాకూను."

ఆదివారం పొద్దున్న చర్చి గంట మోగుతుంటే మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని, దారం జేబులో పెట్టుకుని హాలుకి పోయాడు. తపన్ బాబు మేడమీద గదిలో జంషెడ్‌పూర్ హాలు నక్షా బల్లమీద పరుచుకుని ఉన్నాడు. మేస్త్రీ నిలబడే చెప్పాడు, బెంగాలీలో, తడుముకుంటూ. తాడు చెడింది బాబూ. తప్పింది సూసన్న చెయ్యి కాదు. నా చెయ్యి. నా వేళ్లకి తెలియడం లేదు.

తపన్ బాబు పెన్సిలు కింద పెట్టాడు. ఆయన కోప్పడలేదు. అది చూసే మేస్త్రీకి భయమేసింది.

"ఈ మాట ఎవరితోనైనా అన్నారా?"

"ఇంట్లో అన్నాను."

"ఇంకెక్కడా అనకండి దాదా. మనిషి చెయ్యి తప్పిందంటే మనిషిని మారుస్తాం, సరిపోతుంది. తాడు చెడిందంటే రేపు ఒక్క తల్లి పిల్లని పంపదు. ఈ హాలు మూత, అది మొదలవకముందే మూత," అని నక్షా మీద వేలు పెట్టాడు. "సూసన్న మంచి పిల్ల, నాకు తెలీదా? అవసరమైతే ఎక్కడైనా పనికి చెప్తాను. ఇక్కడికి మాత్రం రాకూడదు. మీరుండండి. మీ వెనకాల ఇంకోసారి చూడడానికి వేళ్లు బాగున్న మనిషిని ఎవరినైనా పెడతాను."

మేస్త్రీకి నవ్వొచ్చింది. కళ్లనీళ్లొచ్చే నవ్వు. "ఉండేది బాబూ," అన్నాడు. "మొన్నటిదాకా ఉండేది."

కిందికి దిగి, ట్రంకు తెరిచి, అడుగునుంచి నీలంతాడు లాగాడు. హాలు మధ్యలో పరుపుమీద కూచుని మూరమూరకీ కొలిచి కొయ్యడం మొదలెట్టాడు. కాలేజీ కుర్రాళ్లు నలుగురూ, ఇద్దరు తల్లులూ పిల్లలతో అప్పుడే లోపలికొస్తున్నారు. "తాడు చెడిపోయింది," అన్నాడు మేస్త్రీ పైకే, బెంగాలీలో ఓసారి, హిందీలో ఓసారి. "శుక్రవారం పిల్ల పడింది తాడువల్ల. అమ్మాయి చెయ్యి వదల్లేదు. తాడు చూసింది నేను." మెట్లమీద తపన్ బాబు "దాదా! దాదా!" అంటున్నాడు. ఒక తల్లి పిల్లని భుజం పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది. ఇంకో తల్లి ఏ అమ్మాయి అని అడిగింది. ఆమెకి సూసన్న ఎవరో తెలియదు. కాలేజీ కుర్రాడొకడు కాసేపు నిలబడి, "దాదూ, అయితే ఇవాళ ఎక్కనిస్తారా లేదా?" అన్నాడు.

ఇంతేనా, అనిపించింది మేస్త్రీకి. అంత బరువైన మాట అంటే ఆకాశం విరిగిపడుతుందనుకున్నాడు. ఆ కుర్రాడు ఎర్రతాడు దగ్గరికి పోయి నడుంపట్టీ కట్టుకుంటున్నాడు. మేస్త్రీ తాడంతా కోసి, ముక్కలు గోనెలో వేసి, తన దగ్గరున్న హాలు తాళాలు గుమ్మం దగ్గర మేకుకి తగిలించి బయటికొచ్చాడు.

సూసన్న ఇల్లు ఖరిదాలోనే, రెండు సందుల అవతల. వాకిట్లో నుయ్యి. ఆమె ఎడంచేత్తో బొక్కెన లాగుతోంది. కుడిచేతికి గుడ్డకట్టు. ఆయన్ని చూసి తాడు కాలికింద తొక్కిపట్టి, చెంగు సర్దుకుంది.

"రా మావయ్యా. అమ్మ చర్చికెల్లింది."

ఆయన తాడందుకుని బొక్కెన పైకి లాగి గట్టుమీద పెట్టాడు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియక, "తాడు కోసీసినాను," అన్నాడు. "అందరి ముందూ సెప్పినాను. బాబు నిన్ను మల్లీ తీసుకోనన్నాడు. నాను ఒగ్గీసి వచ్చీసినాను."

సూసన్న విని తలూపింది. "నాను రేపట్నుంచి సాలువా పోలీసుల కేంపులో వంటకి పోతన్నాను. ఒక దీదీ సెప్పింది. ఫర్లేదు, బాగానే ఉంటాదట."

"నువ్వా పొద్దు నోరెందుకు ఇప్పలేదే తల్లీ? దారం కట్టినానని ఒక్క మాటంటే సరిపోను."

"తాడు మాట సెప్తే నీ సేతేళ్ల మాట సెప్పాలి గదా."

మేస్త్రీ బొక్కెన అంచు పట్టుకున్నాడు. "నీకెలాగ తెల్సు?"

"వానల్లోంచి తెల్సు. టీగ్లాసు కాడ అత్తయ్య అరిసినాది సూడు, ఆ పొద్దుట్నుంచి నీ ఎనకాల సూత్తన్నాను. రెండు తాళ్లు మార్చినాను కూడా. అదే రంగు కొత్తది తీసి ఏసీదాన్ని, నీకు తెలీకుండా." ఆమె కొంచెం నవ్వింది, అంతలోనే నవ్వు పోయింది. "ఆ పొద్దు నువ్వు సీపురు మాటన్నావు సూడు మావయ్యా, అందరి ముందూ. అదొక్కటీ అనకపోతే..." అని ఆగింది. "జంషెడ్‌పూర్ పోడానికని రేకుపెట్టె కూడా కొనుక్కున్నాను."

ఆయన ఏడ్చాడు. గ్యాంగులో ఇద్దరు పోయినప్పుడు ఏడవని మనిషి, నూతి గట్టుమీద కూచుని పైగుడ్డ మొహానికి అడ్డంపెట్టుకుని ఏడ్చాడు. సూసన్న ఊరుకోమనలేదు. ఓదార్చలేదు. బొక్కెనలో నీళ్లు బిందెలో పోసి పక్కన నిలబడింది.

కాసేపటికి బొక్కెన తాడు ఎత్తి ఆయన చేతికిచ్చింది, అలవాటుకొద్దీ. "ఇది పాతదయిపోనాది మావయ్యా. అమ్మ లాగుతాది దీంతో. ఓపాలి సూడు."

మేస్త్రీ తాడు తీసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే దానిమీదికి పోయాయి. ఒక మూర లాగాడు. ఆగాడు. తాడు తిరిగి ఆమె చేతుల్లో పెట్టాడు.

"నాకు తెలీదు తల్లీ. నువ్వు సూడు. నాను అందిత్తాను."

ఆయన మూర మూర వదులుతుంటే, ఆమె ఎడంచేతి వేళ్లతో నొక్కుకుంటూ పోయింది. సగం దాటాక ఒకచోట వేలు ఆపింది. "ఇక్కడ," అంది.

మేస్త్రీ జేబులోంచి ఎర్రదారం తీసి ఆ జాగాలో చుట్టబోయాడు. దారం వేళ్లమధ్య ఉందో జారిందో తెలియడం లేదు. కళ్లు దగ్గరగా పెట్టి మొదటిసారి వేసిన ముడి ఊడిపోయింది. రెండోసారీ ఊడింది. సూసన్న సాయం చెయ్యబోలేదు. ముడి పడేదాకా తాడు పట్టుకుని నిలబడింది.